మంచి కన్ను

ఆట మొదలవడానికి ఇంకా యాభై నిమిషాలుంది. అప్పుడే ఈ మహానుభావుడు రెండు డబ్బాల పాప్‌కార్న్ మోసుకొచ్చి, ఒకటి ఆమె ఒళ్ళో పెట్టి, తినవోయ్ వసూ, పొద్దుణ్నించీ పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు నువ్వు, అంటూ బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని మగపెళ్ళివారి పెద్దలా సర్దుకు కూర్చున్నాడు. కూర్చోనీ. జగన్మోహన్‌కి ఈరోజు పండగ. మిన్నెసోటా ఉత్తరాన, ఇనుప గనుల పక్కనున్న వాళ్ళ చిన్న ఊళ్ళోంచి రెండు బస్సుల జనం ఆదివారం పూట చర్చి మానుకుని మరీ ఈ బ్లూమింగ్టన్ దాకా వచ్చారు. ఊరి బార్బరు, బ్యాంకు క్యాషియరు, స్కూలు బస్సు నడిపే ముసలాయన, అందరూ వెనక వరసల్లో దుప్పటంత గుడ్డ మీద 26 అని రాసి పట్టుకున్నారు. ఇరవై ఆరంటే శ్రీధర్. కొమరగిరి శ్రీధర్, ఇరవై రెండేళ్ళవాడు, పది రోజుల క్రితమే ఐస్ హాకీ కింది లీగ్‌లోంచి పెద్ద జట్టుకి పిలుపు అందుకున్నవాడు, సొంత రాష్ట్రంలో మొదటిసారి ఆడబోతున్నవాడు, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఎడమ కన్ను కనపడనివాడు. ఆ సంగతి ఈ పదిహేను వేల మందిలో ఇద్దరికే తెలుసు, వాడికీ తనకీ. ఇక కుడి కన్ను సంగతి, ఈ పొద్దున తొమ్మిదిన్నర నుంచి, తన ఒక్కదానికే తెలుసు.

గురువారం ఫోన్లో వాడే అన్నాడు, లైట్స్ చుట్టూ కొంచెం ఫాగ్‌లాగ ఉందమ్మా, న్యూస్‌పేపర్ దగ్గరగా పెట్టుకుంటే లెటర్స్ కలిసిపోతున్నాయి, అని, జలుబు చేసిందన్నంత తేలిగ్గా. ఎప్పట్నించి రా అంటే వన్ వీక్ అన్నాడు. వారం! ఇరవై ఏళ్ళుగా జనం కళ్ళు చూసి బతుకుతున్న మనిషి కన్నకొడుకు, వారం రోజులు నోరు మూసుకుని కూర్చున్నాడు. తన నోటినే వాడు పుణికిపుచ్చుకున్నాడు, ఇంకెవర్ని అనాలి. ఈ పొద్దున జట్టు దిగిన హోటల్లో, వాళ్ళ నాన్న కింద కాఫీ తాగుతూ ఎవరెవరికో కొడుకు గొప్పలు చెప్పుకుంటున్నప్పుడు, గదిలో కర్టెన్లు మూయించి, మంచం అంచున కూర్చోబెట్టి, పర్సులోంచి టార్చిలాంటి ఆ పరికరం తీసి కుడి కంట్లోకి చూసింది. కంటి నరం అంచులు ఉబ్బి ఉన్నాయి. లోపలి పొర మీద అక్కడక్కడా పసుపు చుక్కలు. చదువుకునే రోజుల్లో గుంటూరు ఆస్పత్రిలో ఒకే ఒక్క కేసులో చూసింది ఆ చుక్కల్ని, ఉలి పెచ్చు కంట్లో దిగిన వడ్రంగి మనిషి, నాలుగు నెలలకి రెండో కన్నూ పోయి, పెళ్ళాం భుజం పట్టుకుని వార్డులోకి నడిచొచ్చాడు. ఒక కంటికి లోతుగా గాయమైతే, ఎప్పుడో నెలలకో ఏళ్ళకో, ఒళ్ళే పొరబడి మంచి కంటి మీద పడి దాన్నీ తినేస్తుంది. వెంటనే మందులు మొదలుపెడితే కొంత నిలుస్తుంది. వెంటనే అంటే ఆ రోజే, ఆ పూటే. హౌ బ్యాడ్ అమ్మా, అన్నాడు వాడు మొహం ఎత్తి. కొంచెం వాపుంది అంది. వాపుట, వాపు! అమ్మా, ఒక్క గేమ్, టుడే వన్ గేమ్, తర్వాత నువ్వు ఏం చెప్తే అది చేస్తా, ప్రామిస్, డాడీకి చెప్పకు. సరే అంది. ఆ సరే అన్న నోటిని ఏం చేసినా పాపం లేదు.

అదిగో వచ్చారు, అదిగో మనాడు, అని జగన్మోహన్ మోచేత్తో పొడిచాడు. సొరంగం లాంటి దారిలోంచి ఆటగాళ్ళు ఒక్కొక్కళ్ళే ఐస్ మీదకి జారుతున్నారు. ఇది అసలు ఆట కాదు, ముందు ఒళ్ళు వేడెక్కించుకోవడం, ఇరవై నిమిషాలు ఇలా తిరిగి మళ్ళీ లోపలికి పోతారు. కాలి కిందనుంచి చలి పిక్కల్లోకి పాకుతోంది. ఐస్ వాసనొకటి ఉంటుంది, తడి రబ్బరూ పాత ఇనుమూ కలిసిన వాసన, ఎవరికి చెప్పినా ఐస్‌కి వాసనేమిటమ్మా అంటారు, పదమూడేళ్ళు పొద్దున్నే అయిదింటికి లేచి పిల్లాణ్ని రింకుకి దింపిన తల్లికి తెలుస్తుంది. అరవై ఏడులో ఈ దేశం వచ్చినప్పుడు హాకీ అంటే పచ్చగడ్డి మీద ఆడేదే అనుకున్నారు ఇద్దరూ. ఆ ఊళ్ళో చలికాలం ఆరు నెలలు, మగపిల్లలకి వేరే ఆట లేదు, వేరే స్నేహం లేదు. అయిదేళ్ళవాడు ఏడుస్తూ వచ్చి అందరికీ స్కేట్స్ ఉన్నాయి నాకే లేవన్నాడని ఈయన, గనిలో లోహాల ఇంజనీరు, లెక్కలేసి, పెరట్లో చెక్కలు కొట్టి, తోట గొట్టంతో రాత్రంతా నీళ్ళు పట్టి, తెల్లారేసరికి అద్దంలా చేశాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకేసారి దాని మీద నిలబడి ఒకేసారి పడ్డారు. తను వంటింటి కిటికీలోంచి చూసి కడుపుబ్బా నవ్వింది. అంతలా మళ్ళీ ఎప్పుడు నవ్విందీ గుర్తు లేదు.

మినియాపొలిస్‌లో ఉగాదికి నలుగురు తెలుగువాళ్ళు కలిసినప్పుడల్లా రాధారాణి మొదలెట్టేది, ఏమిటమ్మా వసుమతీ, నువ్వు డాక్టరువి, ఆయన ఇంజనీరు, ఒక్కడంటే ఒక్క పిల్లాడు, వాడికి ఆ పళ్ళు రాలగొట్టుకునే ఆటేమిటి, శుభ్రంగా ప్రీ-మెడ్‌లో వెయ్యకా, అని. ఒళ్ళు మండేది. మీ వాడికి వచ్చిన మార్కులకి మెడిసిన్ సీటు వాకిట్లోకొచ్చి తలుపు కొడుతుంది లెండి, అనేసింది ఒకసారి, రెండేళ్ళు మాటల్లేవు. నిజం చెప్పాలంటే ఆమెకి గర్వంగా ఉండేది. క్లినిక్‌కి వచ్చే ముసలమ్మలు కంట్లో చుక్కలు వేయించుకుంటూ, మీరు కోమో తల్లి కదూ, అనేవారు. కొమరగిరి అనలేక ఊరు ఊరంతా వాణ్ని కోమో చేసేసింది. స్టేట్ టోర్నమెంట్లో వాడు మూడు గోల్స్ కొట్టిన మర్నాడు, అంతవరకూ ఆ నల్ల డాక్టర్ అన్నవాడే కారు తలుపు తీసి పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ళకి పెద్ద జట్టు వాణ్ని ఎంచుకుని మెయిన్ రాష్ట్రంలో కింది జట్టుకి పంపితే, ఈయన గనిలో ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్న రోజులు అవి, వాడి పేరు పేపర్లో కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుని, రోజుకోసారి మంచినీళ్ళ మిషతో వెళ్ళి చదువుకుని వచ్చేవాడు. ఆ మనిషికి ఎలా చెప్పడం.

నిరుడు జులైలో ఈయన తల్లి పోయిందని ఇండియా వెళ్ళాడు. అదే సమయానికి, అదే వారంలో, ఊరి రింకులో వీడు పాత స్నేహితులతో సరదాకి ఆడుతుంటే, హెల్మెట్ లేకుండా, వేసవికాలంలో హెల్మెటేమిటని, ఎవడో స్టిక్ ఎత్తాడు. కొస విరిగి ఉంది, పుల్ల సూదిలా ఎడమ కంట్లో దిగింది. ఫోన్ వచ్చినప్పుడు తను ఎవరికో కళ్ళజోడు నంబరు చూస్తోంది. వాడు రింకు బెంచీ మీద తువ్వాలు అదుముకుని కూర్చుని, సారీ అమ్మా, అన్నాడు. ముందు సారీ చెప్పాడు, పిచ్చి వెధవ. నూటతొంభై మైళ్ళు అంబులెన్స్‌లో పక్కన కూర్చుంది, తువ్వాలు తియ్యకుండానే తెలుసు ఆమెకి. మినియాపొలిస్ సర్జన్ రెండుసార్లు కత్తి పెట్టాడు, ఆకారం నిలబెట్టాడు, చూపు నిలబెట్టలేకపోయాడు. వెలుగూ చీకటీ తప్ప ఇంకేం లేదు. పదకొండో రోజున ఆయనే పక్కకి పిలిచి, డాక్టర్, మీకు నేను చెప్పేదేముంది, ఈ కన్ను ఇక పనికిరాదు, పధ్నాలుగు రోజుల్లోపల తీసేస్తే రెండోదానికి భయం ఉండదు, అన్నాడు. ఎంత రిస్క్ అంది. వెయ్యికి ఇద్దరో ముగ్గురో అన్నాడు. మంచం మీదనుంచి వాడు వింటున్నాడు. గ్లాస్ ఐ పెడితే వాళ్ళకి తెలిసిపోతుందమ్మా, ఐ యామ్ డన్, ఇంక ఆడనివ్వరు. లీగ్ నియమం అది, ఒక కన్ను లేనివాడు ఐస్ మీద కాలు పెట్టకూడదు. వెయ్యికి ముగ్గురే కదా అనుకుంది. క్లినిక్‌లో వేరే తల్లి ఎవరైనా ఆ మాటే అంటే, మీ అబ్బాయి ఆ ముగ్గుర్లో ఉంటే ఏం చేస్తావమ్మా, అని నిలదీసి ఏడిపించి సంతకం పెట్టించేది. పన్నెండు, పదమూడు, పధ్నాలుగు. మూడు రోజులు ఆస్పత్రి కుర్చీలో కూర్చుని, కాలెండర్ వైపు చూడకుండా గడిపేసింది.

సెప్టెంబర్లో జట్టు ఆఫీసునుంచి కాగితం వచ్చింది, వేసవి సెలవుల్లో కంటి పరీక్ష మీ ఊరి డాక్టర్‌తో చేయించి పంపమని. అక్కడే తను కొంప ముంచింది. ఆమె గుంటూరు సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరు మీద ఉన్నాయి, చాగంటి వసుమతి అని. పెళ్ళయ్యాక మార్చుకునే ఓపిక లేక, లైసెన్సువాళ్ళు సర్టిఫికెట్లో ఉన్న పేరే ఉండాలంటే, ఈ దేశంలో కూడా బోర్డు మీద వి. చాగంటి, ఎం.డి. అనే రాయించుకుంది. తల్లికి ఒక ఇంటిపేరు, కొడుక్కి ఇంకో ఇంటిపేరు ఉంటాయని ఈ అమెరికావాళ్ళ బుర్రకి తట్టదు. కుడి కన్ను ఇరవై బై ఇరవై. ఎడమ కన్ను ఇరవై బై ఇరవై, అంటే నిండు చూపు. తడుముకోకుండా రాసి సంతకం పెట్టేసింది, అదే ఇప్పటికీ ఆశ్చర్యం. ఎవరో చాగంటి అనే పల్లెటూరి డాక్టరు బాగా చూసి రాశాడనుకుని ఫైల్లో పెట్టేసుకున్నారు. క్యాంపులో జట్టు డాక్టరు మోకాళ్ళూ భుజాలూ చూశాడు, కళ్ళకి కాగితం ఉంది కదా అని వదిలేశాడు. వాడు కోచ్‌ని బతిమాలుకుని కుడి పక్కనుంచి ఎడమ పక్కకి మారాడు. ఎడమన ఆడితే గోడ ఎప్పుడూ చూపు లేని వైపు ఉంటుంది, గోడలోంచి ఎవడూ వచ్చి గుద్దడు కదా. ఇండియానుంచి తిరిగొచ్చిన జగన్మోహన్‌కి కంటికి నాలుగు కుట్లు పడ్డాయని చెప్పారు. ఎడమ పక్కకి మార్చాక వీడి ఆట ఎంత మెరుగైందో చూశావా, ఆ కోచ్ బుర్రే బుర్ర, అని ఆయన ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటాడు. అవునండీ అంటూ ఉంటుంది.

"ఏమిటోయ్ వీడు, పాస్‌లన్నీ వదిలేస్తున్నాడు?" జగన్మోహన్ బైనాక్యులర్స్ సవరించుకున్నాడు. "నెర్వస్‌గా ఉన్నాడంటావా?"

"ఊళ్ళోవాళ్ళంతా వచ్చారు కదండీ. అందుకే అయ్యుంటుంది."

నల్ల రబ్బరు బిళ్ళ వాడి వైపు జారుతోంది, మామూలుగా చంటిపిల్లాణ్ని అందుకున్నట్టు మెత్తగా అందుకుంటాడు, ఇప్పుడు స్టిక్ అది దాటిపోయాక కదిలింది. మళ్ళీ ఇంకొకటి. మళ్ళీ. మూడోదాన్ని చూసి కాదు, చప్పుడు విని తిప్పాడు, తల ముందు చెవివైపు వంగింది. పది రోజుల ఆటగాడు, ఎదుటి జట్టులో రెండొందల ఇరవై పౌన్ల మనుషులు, ఈ కొత్తవాడి పని పట్టమని పంపే మనుషులు, పాతిక మైళ్ళ వేగంతో వచ్చి గోడకేసి గుద్దుతారు. కనపడేవాడు తల పక్కకి తిప్పుకుంటాడు, మోకాళ్ళు వంచుకుంటాడు. వీడు చెవులతో ఎంతమందిని తప్పించుకుంటాడు, ఇంతమంది అరుస్తుంటే ఏం వినపడుతుంది. మెడ విరిగితే. ఛీ, ఏమాటలవి. సాయంత్రం నాలుగింటికి ఆట అయిపోతుంది, అయిదుకల్లా మినియాపొలిస్ ఆస్పత్రిలో ఉంటాం, ఆరుకల్లా సూది మందు మొదలవుతుంది, ఈ కాసిని గంటల్లో ఏం మునిగిపోతుంది, అని పొద్దుణ్నించీ తనకు తను చెప్పుకుంటున్నది ఇదే. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి, చెప్పుకోవే, సిగ్గెందుకు. వాడి కోసమే అనుకుంటున్నావు కానీ నీకూ కావాలి ఈ ఆట. ఆ గుడ్డ మీద ఇరవై ఆరు నీక్కూడా కావాలి. ఆ కారు తలుపు తీసి పట్టుకున్నవాడు వెనక వరసలో ఉన్నాడు, వాడి ముందు కావాలి. ఆయన మొహం మీది ఆ వెలుగు, గని మూతపడ్డాక మళ్ళీ వచ్చిన వెలుగు, దాన్ని నీ చేత్తో ఆర్పడం నీకు చేతకాదు. అందుకని పిల్లాడి కన్ను అడ్డం పెట్టావు. తల్లివా, ఏమంటారే నిన్ను!

బజర్ మోగింది. ఆటగాళ్ళు లోపలికి పోతున్నారు, ఐస్ నున్నగా చేసే బండి బయటికొచ్చింది. ఇంకా పదిహేను నిమిషాలు. పాప్‌కార్న్ డబ్బా కింద పెట్టి లేచింది.

"ఎక్కడికి? జాతీయగీతానికి వరసలో నిలబడతారు, మిస్సవుతావు."

"బాత్రూమ్‌కండీ. వచ్చేస్తా."

గబగబా మెట్లు దిగింది. ఆటగాళ్ళ కుటుంబాలకిచ్చిన పాస్ చూపిస్తే గార్డు నవ్వి, బెస్ట్ ఆఫ్ లక్ టు యువర్ బాయ్, అని గొలుసు తప్పించాడు. కింద వరండా ఇరుగ్గా ఉంది, సిమెంటు గోడలు, నేలంతా స్కేట్ల కోసం పరిచిన నల్ల రబ్బరు పట్టా. ముందు వాడితో మాట్లాడాలి, జట్టు డాక్టరుకి చెప్పేది తర్వాత, వాడి చేతే చెప్పించాలి, లేదా కడుపు నొప్పనిపించాలి, తలనొప్పని, ఏదో ఒకటి. చూడండి, ఇప్పటికీ అబద్ధమే వెతుకుతోంది బుర్ర. జట్టు గది తలుపు తెరుచుకుంది. ఒకళ్ళ వెనక ఒకళ్ళు వస్తున్నారు, ప్యాడ్ల మూలంగా మనిషికి ఇద్దరంత, రబ్బరు పట్టా మీద ఇనుము టకటకలాడిస్తూ. ఆమె దారి మధ్యలోకి వచ్చి నిలబడింది, వాడి కుడి పక్కకి, కావాలనే, మంచి కంటి వైపుకి. వాడు వచ్చాడు. హెల్మెట్ కింద మీసాలు సరిగ్గా రాని మొహం, నిన్న ఫోన్లో సాంబారు తెస్తావా అనడిగిన మొహం. రెండడుగుల దూరంలో ఆగాడు. నేరుగా ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వబోయింది. వాడు పక్కకి ఒత్తిగిలి, ఊళ్ళో తెలియని ఆడవాళ్ళతో మాట్లాడే ఆ మర్యాద గొంతుతో, తను నేర్పించిన మర్యాదే, "ఎక్స్‌క్యూజ్ మీ, మేడమ్" అన్నాడు.

దారి ఇచ్చింది. వాడు ఆమెని దాటి, చేతి తొడుగుతో గోడ తడుముకుంటూ, ముందు వెళ్ళేవాడి వీపు మీది తెల్ల నంబరు పట్టుకుని నడిచినట్టు నడిచి, వెలుగులోకి వెళ్ళిపోయాడు. పైనుంచి ఊరిజనం కోమో, కోమో అని ఒక్కసారిగా అరిచారు, ఆ అరుపుల్లో ఒక గొంతు జగన్మోహన్‌దేనని ఆమెకి తెలుస్తూనే ఉంది. తల్లిని గుర్తుపట్టలేదు వాడు. వాపు కాదే, పాపిష్ఠిదానా, వాపు కాదు. పొద్దున కంట్లో చూశావు, ఇప్పుడు కంటిముందు చూశావు, ఇంకా ఏం చూడాలని.

జట్టు డాక్టరు దారి చివర మడత బల్ల దగ్గర టేపు ముక్కలు కత్తిరిస్తున్నాడు, తెల్ల మీసాల పెద్దమనిషి. ఆమె పరిగెత్తలేదు, పరిగెత్తితే పడతానని భయపడి చకచకా నడిచింది. జాతీయగీతం మొదలైంది. అది అయిపోయేలోగా చెప్పాలి.

"డాక్టర్, నా పేరు వసుమతి చాగంటి. నేను ఐ డాక్టర్ని."

"చాగంటి? కోమోకి ఐ ఎగ్జామ్ చేసింది మీరేనా? నేను మగవాళ్ళనుకున్నాను. గ్లాడ్ టు మీట్ యూ." చెయ్యి చాచాడు.

"నేను వాడి తల్లిని. ఆ కాగితంలో నేను రాసింది అబద్ధం. వాణ్ని ఐస్ మీదనుంచి దింపండి, ఇప్పుడే దింపండి. వాడికి చూపు లేదు."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన ఒకసారి ఐస్ వైపు, అక్కడ వరసలో చివర, హెల్మెట్ చంకలో పెట్టుకుని, జెండా ఎటున్నదీ తెలియక పక్కవాడు తిరిగినవైపే తిరిగి నిలబడ్డ కుర్రాడి వైపు చూశాడు.

"ఏ కన్ను?" అనడిగాడు.

"రెండూ" అంది వసుమతి.